తాడు చివర ముడి ఎవరు వేశారు? (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

పోయిన నెల విశ్వం పుట్టుక గురించి రాస్తూ "సమీకరణం ఒక్కటే చాలదు, దానికి బౌండరీ కండిషన్ కూడా కావాలి" అని ఒక వాక్యం రాసి వదిలేశాను. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని చాలామంది ఉత్తరాలు రాశారు. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టేసి దీని గురించే మాట్లాడుకుందాం.

ప్రశ్న: విశ్వానికి బౌండరీ ఏమిటండీ? ఎక్కడో గోడ కట్టి ఉందా? ఉంటే దాని అవతల ఏముంది?
(ఒక గృహిణి, ఖమ్మం)

గోడ లేదండీ. ఆ మాట వినగానే గోడే గుర్తొస్తుంది, అదే చిక్కు. ఇంట్లో ఒక పని చేసి చూడండి, పది నిమిషాలు పట్టదు. బట్టలారేసే తాడు, కాస్త బరువుగా ఉండేది తీసుకోండి. ఒక కొసను కిటికీ ఊచకు గట్టిగా ముడి వేసి, రెండో కొస చేత్తో పట్టుకుని, కొంచెం బిగించి ఒక్కసారి పైకి విదిలించండి. ఒక ఉబ్బు తాడు వెంట పరుగెత్తి కిటికీ దాకా వెళ్ళి మళ్ళీ మీ వైపుకే వస్తుంది, కానీ తలకిందులై వస్తుంది. ఇప్పుడు ముడి విప్పి ఆ కొసను ఒక కర్టెన్ రింగుకు కట్టి, ఆ రింగును నిలువుగా బిగించిన నున్నటి కడ్డీకి తొడగండి. రింగు పైకీ కిందికీ సులువుగా జారాలి. మళ్ళీ విదిలిస్తే ఈసారి ఉబ్బు తిరగబడకుండా వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగొస్తుంది. తాడు అదే, విదిలించిన చెయ్యి అదే, తాడు కదలికను చెప్పే సమీకరణమూ అదే. మారిందల్లా కొస దగ్గర ఏం జరగాలి అన్న షరతు. బౌండరీ కండిషన్ అంటే ఇంతే. తెలుగులో హద్దు షరతు అనుకుందాం.

మూడో రకం కూడా ఉంది. ఆ రింగును పైనా కిందా రబ్బరు బ్యాండ్లతో కడ్డీకే కట్టేస్తే అది కదులుతుంది గానీ రబ్బరు ఎంతవరకు సాగనిస్తే అంతవరకే. బ్యాండు ఎంత బిరుసుగా ఉంటే తిరిగొచ్చే ఉబ్బు ఆకారం అంత మారిపోతుంది, అంటే ఈ రకంలో లెక్కలేనన్ని షరతులున్నాయి. ఈ రబ్బరు బ్యాండును గుర్తు పెట్టుకోండి, దానితో తర్వాత పని ఉంది.

ఇక విశ్వం సంగతికి వద్దాం. 1965 ప్రాంతంలో జాన్ వీలర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త రాలీ-డర్హమ్ విమానాశ్రయంలో రెండు విమానాల మధ్య దొరికిన కాసేపట్లో, పక్క ఊళ్ళో ఉన్న మరో శాస్త్రవేత్త బ్రైస్ డివిట్‌ను అక్కడికి పిలిపించుకున్నాడు. ఆ మాటల్లో పడిన విత్తనం 1967లో డివిట్ వ్యాసంగా అచ్చయింది. దాన్నే ఇవాళ వీలర్-డివిట్ సమీకరణం అంటున్నాం. ఎలక్ట్రాన్‌కు తరంగ ప్రమేయం ఉన్నట్టే విశ్వం మొత్తానికీ ఒకటి ఉంటుందని, విశ్వం ఏ సైజులో ఉండటానికి ఎంత అవకాశం ఉందో అది చెబుతుందని అనుకోండి. (ఆ సమీకరణంలో కాలం అన్న అక్షరమే కనిపించదు. అదో పెద్ద కథ, ఇంకోసారి చెబుతాను.) ఈ తాడుకూ ఒక కొస ఉంది. విశ్వం సైజు సున్నా అయ్యే చోటే ఆ కొస. సున్నా కంటే తక్కువ సైజు ఉండదు కాబట్టి తాడు అక్కడితో ఆగిపోవాలి. అక్కడ తరంగం ఏం చెయ్యాలో మాత్రం సమీకరణం చెప్పదు.

మీ ఇంట్లో ముడి వేసింది మీరు, రింగు తొడిగిందీ మీరే. మీరు తాడుకు బయట ఉన్నారు కాబట్టి అది కుదిరింది. విశ్వానికి బయట ఎవరూ లేరు, బయట అన్నదే లేదు. మరి ఆ కొస దగ్గర ముడా, రింగా, రబ్బరా అన్నది ఎక్కణ్ణుంచి రావాలి? అరవై ఏళ్ళ నుంచీ తెగని ప్రశ్న ఇదేనండీ.

ప్రశ్న: హాకింగ్ అసలు హద్దే లేదని తేల్చేశారు కదా? ఇంకా ఏమిటి గొడవ?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

తేల్చలేదు, ప్రతిపాదించారు. రెంటికీ తేడా ఉంది. 1981లో వాటికన్‌లో జరిగిన శాస్త్ర సమావేశంలో హాకింగ్ ఈ ఆలోచనను మొదట బయటపెట్టారు, 1983లో జేమ్స్ హార్టిల్ అనే అమెరికన్ శాస్త్రవేత్తతో కలిసి పూర్తిగా రాశారు. మన ఇళ్ళల్లోని వస్తువులతో చెప్పాలంటే, పాత లెక్క ప్రకారం విశ్వం పల్లీల పొట్లం లాంటిది. కాగితం మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ వస్తే చివర్లో మొన తగులుతుంది, అక్కడ కాగితం అయిపోతుంది. హార్టిల్, హాకింగ్ దాన్ని కుండగా మార్చారు. కుండ మూతి దగ్గర వేలు పెట్టి కిందికి జరపండి, అడుగు దాటి అవతలి వైపు పైకి వచ్చేస్తుంది తప్ప ఎక్కడా అంచు తగలదు. ఆ అడుగు దగ్గర కాలం కూడా దూరంలాగా ప్రవర్తిస్తుందని వాళ్ళ లెక్క. దక్షిణ ధ్రువానికి దక్షిణాన ఏముంది అని అడగడం ఎలాంటిదో, బిగ్ బ్యాంగ్‌కు ముందు ఏముంది అని అడగడం అలాంటిదని హాకింగ్ చెప్పేవారు.

అంతకు ఒక ఏడాది ముందే, 1982లో, అమెరికాలోని టఫ్ట్స్ యూనివర్సిటీలో అలెగ్జాండర్ విలెంకిన్ వేరే దారి చూపించాడు. యురేనియం కేంద్రకంలో ఆల్ఫా కణం గోడ దూకే శక్తి లేకపోయినా గోడలోంచి బయటపడుతుంది కదా, విశ్వం కూడా అలాగే సున్నా సైజులోంచి టన్నెలింగ్ చేసి బయటపడిందన్నాడు. ఆ తర్వాతి వ్యాసాల్లో దాన్ని హద్దు షరతుగా రాశాడు: తరంగం బయటికి వెళ్ళేదే ఉండాలి, లోపలికి వచ్చేది ఉండకూడదు. వీళ్ళిద్దరి కంటే ముందు డివిట్ 1967లోనే ఇంకా సూటిగా, సైజు సున్నా దగ్గర తరంగ ప్రమేయం కూడా సున్నా అయిపోవాలన్నాడు. మన కిటికీ ఊచ ముడి అదే.

మూడు షరతులూ వినడానికి బాగానే ఉంటాయి, కానీ ఫలితాలు మాత్రం కొట్టుకుంటాయి. హార్టిల్-హాకింగ్ షరతు తీసుకుంటే మొదట్లో తక్కువ శక్తితో, కొద్దిపాటి ఇన్‌ఫ్లేషన్‌తో (విశ్వం క్షణంలో ఉబ్బిపోయే దశ అది) పుట్టే విశ్వాలకే ఎక్కువ అవకాశం వస్తుంది. విలెంకిన్ షరతు తీసుకుంటే సరిగ్గా ఎదురు, ఎక్కువ శక్తితో పుట్టేవాటికి. లెక్కలో తేడా ఎంతా అంటే ఘాతాంకం ముందు ప్లస్సా మైనస్సా అన్నంతే. 2017లో ఫెల్డ్‌బ్రుగ్గె, లెనర్స్, టురోక్ అనే ముగ్గురు ఈ లెక్కను కొత్త పద్ధతిలో చేసి, నున్నటి కుండ అడుగు నుంచి మొదలుపెడితే చిన్న చిన్న ముడతలు అణగకుండా పెరిగిపోతాయని, కాబట్టి అలాంటి ఆరంభం కుదరదని అన్నారు. హార్టిల్, హెర్టోగ్, హాలివెల్ వాళ్ళూ గట్టిగా బదులిచ్చారు. గొడవ ఇంకా సాగుతూనే ఉంది.

నన్ను ఇబ్బంది పెట్టేది ఎవరు గెలుస్తారన్నది కాదు. హాకింగ్, విలెంకిన్, డివిట్ ముగ్గురూ షరతును బయటి నుంచి తెచ్చి పెట్టారు. అందంగా ఉందని ఒకరు, ఆల్ఫా కణంతో పోలిక ఉందని ఒకరు, సింగ్యులారిటీ (సైజు సున్నా దగ్గర లెక్క విరిగిపోయే చోటు) బెడద పోతుందని ఒకరు. అలా కాకుండా షరతు లోపలి నుంచే, సమీకరణం కడుపులోంచే రావాలని నా ఆశ. దానికి దగ్గరగా వచ్చేదే కింది రెండు ప్రశ్నల్లోని విషయం.

ప్రశ్న: సౌష్ఠవం అంటే కంటికి కనిపించేదే కదా. "దాగిన సౌష్ఠవం" అంటారేమిటి?
(రిటైర్డ్ లెక్కల మాస్టారు, తెనాలి)

మాస్టారూ, మీరు సరైన చోట పట్టుకున్నారు. వాకిట్లో వేసిన చుక్కల ముగ్గును పావు చుట్టు తిప్పినా అలాగే ఉంటుంది, అది కనిపించే సౌష్ఠవం. సూర్యుడి ఆకర్షణ అన్ని దిక్కులా ఒకటే, అదీ కనిపించేదే. 1918లో ఎమ్మీ నోథర్ ఒక గొప్ప సంగతి నిరూపించింది: ప్రకృతి నియమంలో ఇలాంటి అవిచ్ఛిన్న సౌష్ఠవం ఒకటి ఉందంటే దానికి జతగా మారని రాశి ఒకటి ఉంటుంది. అన్ని దిక్కులూ ఒకటే కాబట్టి కోణీయ ద్రవ్యవేగం మారదు. (అంత గొప్ప సిద్ధాంతం రాసిన మనిషిని, ఆడది అన్న కారణంతో, గాటింగెన్‌లో చాలాకాలం సొంత పేరుతో పాఠం చెప్పనివ్వలేదు, హిల్బర్ట్ పేరు మీద చెప్పాల్సి వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.)

ఇప్పుడు గ్రహం దారి చూడండి. కోణీయ ద్రవ్యవేగం మారకపోతే గ్రహం ఒకే తలంలో తిరుగుతుంది, అంతవరకే హామీ. దీర్ఘవృత్తం మూసుకోవాలని అందులో ఎక్కడా లేదు. తిరిగి తిరిగి పువ్వు రేకుల్లాగా పక్కకు జరుగుతూ పోవచ్చు. కానీ న్యూటన్ విలోమ వర్గ నియమంలో మాత్రం దీర్ఘవృత్తం పొడవైన అక్షం ఒకే దిక్కుకు చూపిస్తూ కదలకుండా నిలబడుతుంది. అంటే మారనిది ఇంకోటి ఉంది, లాప్లాస్-రుంగె-లెంజ్ సదిశ అంటారు. మారని రాశి ఉందంటే దాని వెనక సౌష్ఠవం ఉండాలి కదా. బొమ్మలో ఎంత వెతికినా అది దొరకదు, ఎందుకంటే అది స్థానాన్నీ వేగాన్నీ కలిపి తిప్పితేనే బయటపడుతుంది. దాగింది అన్నది అందుకే.

హైడ్రోజన్ పరమాణువులోనూ ఇదే. 2పీలోని మూడు ఆర్బిటాళ్ళు (ఎలక్ట్రాన్ ఉండే చోటు ఆకారాలివి) సమశక్తి ఆర్బిటాళ్ళు ఎందుకయ్యాయంటే దిక్కులన్నీ ఒకటే కాబట్టి అని చెబుతాం. కానీ 2ఎస్ కూడా శక్తిలో 2పీతో సమానంగా ఎందుకుంది? గుండ్రటిదానికీ డంబెల్‌లా ఉన్నదానికీ ఏం పోలిక? 1926లో పౌలీ ఆ దాగిన సదిశతోనే హైడ్రోజన్ శక్తి స్థాయిలు రాబట్టాడు, 1935లో ఫాక్ అది నాలుగు కొలతల గోళం తాలూకు సౌష్ఠవమని చూపించాడు.

ఇది చాలా సున్నితమైనది కూడా. నియమం రవ్వంత మారినా చెదిరిపోతుంది. ఐన్‌స్టీన్ చేసిన సవరణ వల్ల బుధుడి దీర్ఘవృత్తం వందేళ్ళకు 43 ఆర్క్ సెకన్లు అదనంగా జరుగుతుంది. ఒక డిగ్రీని 3600 భాగాలు చేస్తే అందులో 43 భాగాలు, అంతే. ఆ చిన్న జరుగుడు చెదిరిన దాగిన సౌష్ఠవానికి ఆనవాలే.

ప్రశ్న: అయితే ఈ దాగిన సౌష్ఠవమే విశ్వం హద్దు షరతును నిర్ణయిస్తుందా? కొంచెం లెక్కతో చెప్పండి.
(ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థి, వరంగల్)

ఒక సులువైన నమూనా తీసుకుందాం. మూసుకున్న విశ్వం, అంటే గోళం ఉపరితలంలా తనలోకి తానే చుట్టుకున్నది. అందులో కాంతి లాంటి వికిరణం తప్ప మరేమీ లేదు. గడియారాన్ని కూడా విశ్వం సైజుకు తగ్గట్టు మార్చుకుని (కాన్ఫార్మల్ కాలం) ఫ్రీడ్‌మన్ సమీకరణం (విశ్వం సైజు ఎలా మారుతుందో చెప్పేది) రాస్తే, నువ్వు ఇంటర్లో చేసిన సరళ హరాత్మక చలనమే వచ్చి కూర్చుంటుంది! విశ్వం సైజు సున్నా దగ్గర మొదలై, ఊయలలా ఒక వైపుకు పూర్తిగా వెళ్ళి, మళ్ళీ సున్నాకు వస్తుంది. ఊయల రెండో వైపు మాత్రం లేదు, ఎందుకంటే సైజు రుణాత్మకం కాదు. దీని వీలర్-డివిట్ సమీకరణం సరిగ్గా క్వాంటం డోలకమే (ఊయలలా ఊగేదానికి క్వాంటం రూపం), కాకపోతే సగం తాడు మీద.

సగం తాడు అనగానే కొస షరతు కావాలి. గణితం ఒప్పుకునే షరతులు ఎన్ని? కొస దగ్గర తరంగం వాలును తరంగం విలువతో భాగిస్తే వచ్చే సంఖ్య ఏదైనా ఉండొచ్చు. మన రబ్బరు బ్యాండు బిరుసు అదే. ఒక చివర బిరుసు అనంతం, అంటే ముడి. ఇంకో చివర సున్నా, అంటే స్వేచ్ఛగా జారే రింగు. మధ్యలో అనంతమైన ఎంపికలు.

ఇక్కడే దాగిన సౌష్ఠవం పని చేస్తుంది. డోలకానికి ఎస్‌యూ(1,1) అనే సౌష్ఠవం ఉంది. దాని ఆపరేటర్లు (ఒక తరంగాన్ని ఇంకో తరంగంగా మార్చే గణిత పనిముట్లు) డోలకాన్ని శక్తి మెట్ల మీద ఒక్కో మెట్టుగా కాకుండా రెండేసి మెట్లు ఎక్కిస్తాయి, దింపుతాయి. 0 నుంచి 2కు, 4కు, 6కు. 1 నుంచి 3కు, 5కు, 7కు. సరి మెట్ల మీద నిలబడ్డవాడు బేసి మెట్టు మీదకు ఎప్పటికీ రాలేడు. సరి సంఖ్యల తరంగాలన్నీ కొస దగ్గర వాలు సున్నాగా ఉన్నవి, అంటే రింగు. బేసి సంఖ్యలవన్నీ కొస దగ్గర విలువే సున్నా అయినవి, అంటే ముడి, డివిట్ చెప్పిన షరతు. ఈ రెండు కుటుంబాలకూ బార్గ్‌మన్ సూచిక అనే గుర్తింపు సంఖ్య ఉంది: సరి కుటుంబానికి పావు, బేసి కుటుంబానికి ముప్పావు. ఇంకో చక్కని సంగతి చూడు. పావులోంచి ఒకటి తీసేసి వచ్చినదాన్ని పావుతో గుణించు, మైనస్ 3/16 వస్తుంది. ముప్పావుతో అదే పని చేసినా మైనస్ 3/16. సౌష్ఠవం తాలూకు ముఖ్యమైన స్థిరాంకం (కాసిమిర్) రెండు ఇళ్ళకూ ఒకటే, ఇళ్ళు మాత్రం వేరు.

మరి మధ్యలో రబ్బరు బ్యాండ్లు ఏమయ్యాయి? అవి ఈ సౌష్ఠవాన్ని పాడు చేస్తాయి. బిరుసుకు ఏదో ఒక విలువ ఇచ్చామంటే సమీకరణంలో లేని కొత్త కొలబద్ద ఒకదాన్ని బయటి నుంచి తెచ్చి పెట్టామన్నమాట. అప్పుడు మెట్ల మధ్య ఎడం సమానంగా ఉండదు, రెండేసి ఎక్కే ఆపరేటర్లు పనికిరాకుండా పోతాయి. కాబట్టి సౌష్ఠవాన్ని కాపాడుకోవాలంటే అనంతమైన షరతుల్లో మిగిలేవి రెండే. షహ్రామ్ జలాల్‌జాదె, పాలో మోనిజ్ 2014లో ఈ దారినే పట్టారు: సౌష్ఠవం నుంచి వచ్చే మారని రాశులే హద్దు షరతులను చెబుతాయన్నారు. 2019లో జిబ్రిల్ బెన్ అషూర్, ఎతెరా లివీన్ వేరే నమూనాలో, అంటే చదునైన విశ్వంలో ద్రవ్యరాశి లేని క్షేత్రం ఒకటి ఉన్నప్పుడు, ఇలాంటి సౌష్ఠవమే ఉందని చూపించారు. మొదటిసారి ఈ పావు-ముప్పావు లెక్క కాగితం మీద స్వయంగా చేసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బయట ఎవరూ లేకుండానే ముడి సంగతి సగం తేలిపోయిందే అనిపించింది.

సగమే. ఆ రెండు ఇళ్ళల్లో మనది ఏదో సౌష్ఠవం చెప్పదు, ఆ ఎంపిక అలాగే మిగిలిపోతుంది. పైగా అసలు విశ్వంలో వికిరణం ఒక్కటే లేదు. 1998లో విశ్వం విస్తరణ వేగం పెరుగుతోందని తెలిసింది, దానికి కారణమనుకుంటున్న విశ్వ స్థిరాంకాన్ని సమీకరణంలో కలపగానే సైజు నాలుగో ఘాతం వచ్చి డోలకం డోలకంగా ఉండదు, బుధుడి కక్ష్యకు పట్టిన గతే ఈ సౌష్ఠవానికీ పడుతుంది. ఇంకా గమ్మత్తు ఏమిటంటే, 2017 గొడవ తర్వాత ముడతల ఇబ్బంది తప్పించడానికి 2019లో ఆలిస్ డి టూచి, లెనర్స్ కలిసి రాబిన్ షరతు వాడారు. రాబిన్ షరతు అంటే మన రబ్బరు బ్యాండే! వాళ్ళది వేరే నమూనా, వేరే పద్ధతి, కాబట్టి ఒకటి రెండోదాన్ని కొట్టేయదు. కానీ ఆ బిరుసుకు విలువ ఎక్కణ్ణుంచి వస్తుందన్న ప్రశ్న నన్ను వదలడం లేదు.

ప్రశ్న: ఇవన్నీ టెలిస్కోపుతో చూసి తేల్చగలమా?
(ఆటో డ్రైవర్, కాకినాడ)

నేరుగా చూడలేమండీ. విశ్వం పుట్టిన 3,80,000 ఏళ్ళకు బయల్దేరిన వెలుగే మనకు అందే అతి పాత వెలుగు. అందులో లక్షకు ఒక వంతు హెచ్చుతగ్గులున్నాయి, వాటిని ప్లాంక్ ఉపగ్రహం చాలా నిశితంగా కొలిచింది. హద్దు షరతును బట్టి ఇన్‌ఫ్లేషన్ ఎంతసేపు సాగిందో మారాలి కాబట్టి ఎప్పటికైనా ఆ హెచ్చుతగ్గుల్లోనే ఆధారం దొరకాలి. ఇప్పటికి మాత్రం ఏ షరతునూ పూర్తిగా తోసిపుచ్చలేం.

ప్రశ్న: నేను ఎంపీసీ సెకండియర్. మన దేశంలో ఎవరైనా దీని మీద పని చేశారా? నేను ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?
(ఇంటర్ విద్యార్థిని, నంద్యాల)

చేశారమ్మా. 1980ల మొదట్లోనే ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌లో జయంత్ నార్లికర్, పద్మనాభన్ క్వాంటం కాస్మాలజీ మీద పని చేశారు. తర్వాత ఇద్దరూ పుణెలోని ఐయూకా అనే ఖగోళ పరిశోధన సంస్థకు వెళ్ళారు, అక్కడ పీహెచ్‌డీ చెయ్యొచ్చు. అది చాలా దూరం, ఎంట్రన్స్‌ల టెన్షన్‌లో ఇప్పుడే దాని గురించి బెంగ పెట్టుకోకు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటి చెబుతాను. గ్రాఫ్ కాగితం మీద క్వాంటం డోలకం మొదటి ఆరు తరంగాలు గియ్యి, 0 నుంచి 5 దాకా. 0వది మధ్యలో ఒక గుట్ట. 1వది మధ్యలో అడ్డగీతను ఒకసారి దాటుతుంది, 2వది రెండుసార్లు, అలా 5వది అయిదుసార్లు. చివర్లలో అన్నీ అణిగిపోవాలి. గీశాక ఎడమ సగాన్ని అట్టముక్కతో మూసెయ్యి. అట్ట అంచు దగ్గర ఏ తరంగం సున్నాలో ఉందో, ఏది చదునుగా ఉందో ఒక్కొక్కటే చూసి పక్కన ముడి అనో రింగు అనో రాసుకో. ఆ కాగితం ఫొటో తీసి పంపితే, తర్వాత ఏం చదవాలో నీ గీతలు చూసి చెబుతాను.